హైదరాబాద్‌లో విదేశీ వంటల రెస్టారెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌కు విదేశీ వంట కొత్తేమీ కాదు. నిజాం కొలువులో సిపాయిలుగా చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు స్థిరపడిన చోటే బార్కస్. బ్యారక్స్ అన్న మాటే జనం నోట్లో అలా మారింది. ఇప్పుడు జూబ్లీహిల్స్ నుంచి కొండాపూర్ దాకా థాయ్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, లెబనీస్ వంటలన్నీ దొరుకుతున్నాయి. వేలు ఖర్చుపెట్టి అర్ధాకలితో ఇంటికొచ్చినవాళ్లలో చాలామందికి ఆర్డర్ ఇచ్చేముందు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అలా అడగాల్సిన మాటలే ఇక్కడ ఎక్కువగా రాశాం.

మొదటిసారి వెళ్తున్నాం, అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. ఏ వంటతో మొదలుపెట్టాలి?

లెబనీస్ లేదా థాయ్. హమ్ముస్ అంటే ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలిపి మెత్తగా రుబ్బింది. బాబా గనూష్ కాల్చిన వంకాయ. ఇంట్లో వంకాయ కాల్చి పచ్చడి చేసుకునేవాళ్లకు ఆ పొగ వాసన కొత్తగా అనిపించదు. ఫలాఫెల్‌ను శనగలతో వేసిన వడ అనుకోవచ్చు. పిటా రొట్టె తుంచుకుని చేత్తోనే తినొచ్చు కాబట్టి ఫోర్కులతో ఇబ్బంది పడేవాళ్లకు హాయిగా ఉంటుంది.

థాయ్‌లో టామ్ యమ్ సూప్ మన చారుకు దూరపు చుట్టంలా ఉంటుంది: పులుపు, కారం, ఘాటు. అందులో తేలే నిమ్మగడ్డి కాడలు, గలంగల్ (అల్లం లాంటి దుంప) ముక్కలు, నిమ్మాకులు వాసన కోసం వేసినవి. కరివేపాకును పక్కన పెట్టినట్టు వాటినీ పక్కన పెట్టేయాలని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. చాలామంది వాటిని నమిలి, పీచు నోట్లో పడి, సూప్ మీదే విరక్తి తెచ్చుకుంటారు. సోమ్ తమ్ అనేది పచ్చి బొప్పాయిని రోట్లో దంచిన సలాడ్. రోటి పచ్చడి అలవాటున్న నాలుకకు వెంటనే నచ్చుతుంది. సుషీని మాత్రం రెండో విడతకు ఉంచుకోండి.

టేబుల్ ముందే బుక్ చేసుకోవాలా?

శుక్ర, శనివారం రాత్రులు, ఆదివారం మధ్యాహ్నం తప్పకుండా చేసుకోవాలి. యాప్‌లో చేసినా సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి నాలుగు సంగతులు తేల్చుకోండి: టేబుల్ ఎంతసేపు ఇస్తారు (రద్దీ రోజుల్లో గంటన్నర, రెండు గంటలకే పరిమితం చేసే చోట్లు ఉన్నాయి), అడ్వాన్స్ ఏమైనా కట్టాలా, వెళ్లలేకపోతే అది తిరిగిస్తారా, లాస్ట్ ఆర్డర్ ఎన్నింటికి. బార్ ఉన్న చోటికి పిల్లలతో వెళ్తుంటే రాత్రి వాళ్లను అనుమతిస్తారా అనీ అడగండి. తెలంగాణలో మద్యం తాగడానికి చట్టప్రకారం 21 ఏళ్లు నిండాలి. కాలేజీ పిల్లలు గుంపులో ఉంటే గుర్తింపు కార్డు అడుగుతారు.

ఎనిమిదిన్నరకు బదులు ఏడింటికి వెళ్తే వంటగది మీద ఒత్తిడి ఉండదు, సర్వర్‌కు మీ ప్రశ్నలు వినే తీరిక ఉంటుంది. ఆఫీసులు వదిలే వేళ గచ్చిబౌలి నుంచి జూబ్లీహిల్స్ వైపు కారులో రావడం కంటే రాయదుర్గంలో మెట్రో ఎక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లోనో, పెద్దమ్మ గుడి స్టేషన్‌లోనో దిగి ఆటో పట్టుకోవడం నయం. తిరుగు ప్రయాణానికి చివరి రైలు వేళ చూసుకోండి.

నలుగురికి ఎంత ఆర్డర్ చేయాలి?

థాయ్, చైనీస్ చోట్ల అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకోవడమే పద్ధతి. నలుగురికి రెండు సూప్‌లు వన్ బై టూ, రెండు స్టార్టర్లు, రెండు కూరలు, రెండు అన్నాలు లేదా ఒక అన్నం ఒక నూడుల్స్. ఇది సరిపోతుంది, చాలకపోతే తర్వాత చెప్పుకోవచ్చు. సుషీ రోల్‌లో సాధారణంగా 8 ముక్కలు, కొన్ని చోట్ల 6 లేదా 4. డిమ్‌సమ్ (ఆవిరి మీద ఉడికించిన చైనీస్ చిరుతిండి) బుట్టలో ఎన్ని వస్తాయో కచ్చితంగా అడగండి. ముగ్గురు కూర్చున్న టేబుల్ మీదికి నాలుగు ముక్కల బుట్ట వస్తే పంపకం కష్టం. రామెన్ (జపనీస్), ఫో (వియత్నామీస్) అనే నూడుల్స్ సూప్‌లు మాత్రం ఒక గిన్నె ఒక మనిషికి. వాటిని వన్ బై టూ అడిగితే, పంచే లోపల నూడుల్స్ పులుసులో నాని ముద్దవుతాయి.

“మేం వెజిటేరియన్లం” అంటే చాలదా?

చాలదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే దీన్నే చదవండి. పళ్లెంలో మాంసం ముక్క లేకపోతే అది వెజ్ అని నమ్మే సర్వర్లు ఉన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, సాస్ దేనితో చేశారో వాళ్లకూ తెలియదు. అందుకని పదార్థం పేరు పెట్టి అడగాలి.

థాయ్ వంటలో ఉప్పుకు బదులు నామ్ ప్లా (ఫిష్ సాస్), అంటే చేపల నుంచి దిగిన రసం వాడతారు. గ్రీన్, రెడ్ కర్రీల ముద్దలో రొయ్యల పేస్ట్ కలిసి ఉంటుంది. సోమ్ తమ్‌లో ఎండురొయ్యలు వేస్తారు. “వెజ్ గ్రీన్ కర్రీ” అని మెనూలో ఉన్నా ముద్ద మాత్రం అందరికీ ఒకటే కావచ్చు. “వెజ్‌కి కర్రీ పేస్ట్ వేరేగా నూరుతారా? ఉప్పు కోసం సోయా సాస్ వేస్తారా, ఫిష్ సాసా?” అని ఇదే మాట అడగండి. సర్వర్ తటపటాయిస్తే షెఫ్‌ను కనుక్కుని రమ్మనండి.

జపనీస్‌లో మీసో (ఊరబెట్టిన సోయా ముద్ద) సూప్‌కు, టెంపురా (పిండిలో ముంచి వేయించింది) అద్దుకునే రసానికి, చాలా నూడుల్స్‌కు ఆధారం దాషి అనే పలుచని రసం. దాన్ని ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో తీస్తారు. కొంబు అనే సముద్రపు నాచుతోనో, పుట్టగొడుగులతోనో తీసిన దాషి ఉందా అని అడగండి. కొరియన్ కిమ్చీని చూస్తే క్యాబేజీ ఊరగాయే అనిపిస్తుంది కానీ అందులో ఉప్పు రొయ్యలో, చేప సాసో ఉండటం మామూలు. చైనీస్‌లో ఆయిస్టర్ సాస్ ఉంటుంది. ఆకుకూరల వేపుడు మీద ఆ నిగనిగ చాలాసార్లు దానిదే. మష్రూమ్ సాస్‌తో చేయమంటే చేస్తారు.

ఇటాలియన్ అంటే నిశ్చింత అనుకోవద్దు. ఇటలీలో చేసే పార్మిజానో రెజ్జానో చీజ్‌ను దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్‌తో గడ్డకట్టిస్తారు. ఇక్కడ తయారయ్యే పార్మెజాన్ తరహా చీజ్‌లలో సూక్ష్మజీవుల రెనెట్ వాడేవి ఉన్నాయి, వాటి ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేపలు, టిరమిసులో గుడ్డు, పన్నా కోటాలో జెలటిన్ ఉంటాయి. మెక్సికన్‌లో రీఫ్రైడ్ బీన్స్‌కు కొందరు పంది కొవ్వు వాడతారు. ఫ్రెంచ్ ఫ్రైస్, టెంపురా వేయించే నూనె విడిగా ఉంచుతారా అన్నది ఆఖరి ప్రశ్న.

కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి తినం. ఏదైనా దొరుకుతుందా?

అప్పటికప్పుడు కష్టం. ఆసియా వంటల సాస్‌లు, ముద్దలు పొద్దున్నే వెల్లుల్లితో చేసి పెట్టేస్తారు. పిజ్జా సాస్‌లోనూ అదే. ముందు రోజు ఫోన్ చేస్తే కొన్ని చోట్ల విడిగా చేస్తారు. అలా కుదరకపోతే ఇటాలియన్‌లో వెన్న, చీజ్, మిరియాలతో పాస్తా అడగండి. అప్పటికప్పుడు కలిపేది కాబట్టి వెల్లుల్లి ఆపడం తేలిక. లెబనీస్‌లో ఫలాఫెల్‌లో ఉల్లి, వెల్లుల్లి రెండూ ఉంటాయి, తూమ్ అనే సాస్ అయితే మొత్తం వెల్లుల్లే.

పిల్లాడికి వేరుశనగ అలర్జీ. ఎక్కడ జాగ్రత్తపడాలి?

థాయ్, వియత్నామీస్, ఇండోనేషియన్ చోట్ల. పాడ్ థాయ్, సాతే, సోమ్ తమ్‌లలో పల్లీలు ఉంటాయి. పైన చల్లకుండా ఇమ్మంటే సరిపోదు, అదే కడాయిలో, అదే రోట్లో ముందు ఆర్డర్ తాలూకు పల్లీలు మిగిలి ఉంటాయి. ఇష్టం లేదనకుండా “అలర్జీ” అనే చెప్పండి, ఆ మాట వంటగదిలోకి వేరుగా వెళ్తుంది. నువ్వులు పడనివాళ్లు లెబనీస్, కొరియన్ దగ్గర, గోధుమ పడనివాళ్లు సోయా సాస్ దగ్గర ఆగి అడగాలి. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

మండి బిర్యానీలా ఉండదేం? ఎలా తినాలి?

మండిని బిర్యానీతో పోల్చుకుని వెళ్తే చప్పగా ఉందనే అనిపిస్తుంది. హద్రమౌత్ పద్ధతిలో గుంట పొయ్యిలో అడుగున అన్నం గిన్నె పెట్టి, పైన మాంసం ఉంచి మూత మూసేస్తారు. మాంసం నుంచి కారిన కొవ్వు, రసం అన్నంలోకి దిగుతాయి. రుచి అంతా అక్కడి నుంచే రావాలి. యాలకులు, లవంగాలు, మిరియాలు, ఎండునిమ్మ లాంటివి తక్కువగానే వేస్తారు. అన్నాన్ని, మాంసాన్ని విడివిడిగా వండి పళ్లెంలో కలిపే చోట్లు చాలా ఉన్నాయి. ఫ్రైడ్ చికెన్ మండి అయితే ఎటూ అంతే. అసలు రుచి తెలియాలంటే మొదటిసారి మటన్ మండి చెప్పండి. మాంసం ఎముక నుంచి వేలితో తీస్తే ఊడి రావాలి, అన్నం ఏ మెతుక్కి ఆ మెతుకు విడిగా ఉండి, పట్టుకుంటే వేళ్లకు సన్నగా జిడ్డు తగలాలి. అన్నం పొడిపొడిగా ఉండి మాంసం వాసన రాకపోతే అది కలిపి వండింది కాదు.

పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. ఎవరి ముందున్న భాగం వాళ్లది, ఎదుటివైపుకు చెయ్యి చాపరు. మధ్యలోని మాంసాన్ని ఒకరు విడదీసి అందరి వైపుకూ సర్దుతారు. పక్కన ఇచ్చే టమాటా, మిర్చి పచ్చడిని అన్నమంతా కలిపేయకుండా ముద్దముద్దకూ కొంచెం అద్దుకోండి, లేకపోతే మాంసం రసం రుచి దాని కింద పడిపోతుంది. హాఫ్, ఫుల్ కొలతలు చోటుచోటుకూ మారతాయి కాబట్టి “ఎంతమందికి వస్తుంది, ఎన్ని ముక్కలు” అని అడిగి చెప్పండి. కింద కూర్చోలేని పెద్దవాళ్లుంటే కుర్చీల టేబుల్ కావాలని బుకింగ్ అప్పుడే చెప్పాలి.

సుషీ అంటే పచ్చి చేపేనా? తినొచ్చా?

సుషీ అంటే వెనిగర్ కలిపిన అన్నంతో చేసింది. పైన పచ్చి చేప ఉండొచ్చు, ఉడికిన రొయ్య ఉండొచ్చు, కీరదోస మాత్రమే ఉండొచ్చు. అన్నం లేకుండా పచ్చి చేప ముక్కలే ఇస్తే అది సాషిమి.

పచ్చిగా వడ్డించే చేపలోని పరాన్నజీవులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు ఉంచాలని అమెరికా ఆహార నియమాలు చెబుతాయి. అందుకని “ఫ్రోజెన్” అన్న మాట విని ముఖం ముడుచుకోవద్దు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊళ్లో పచ్చి చేపకు అదే మంచిది. అయితే గడ్డకట్టించినంత మాత్రాన బ్యాక్టీరియా చావదు, కరిగాక ఎంత శుభ్రంగా, ఎంత చల్లగా ఉంచారన్నదే కీలకం. సాల్మన్ మన నీళ్లలో పెరిగే చేప కాదు, దిగుమతి సరుకే. “ఇండియన్ సాల్మన్” అంటే మనం మాగ అనే వేరే చేప. ముక్క దగ్గరికి తెస్తే నీచు వాసన గుప్పుమనకూడదు. గర్భిణులు, చిన్నపిల్లలు, బాగా వయసు మళ్లినవాళ్లు పచ్చిది తినకపోవడమే మంచిది. ఎండాకాలంలో పచ్చి చేప సుషీని ఇంటికి తెప్పించుకోవద్దని మా గట్టి సలహా.

తినేటప్పుడు అన్నం వైపును సోయాలో ముంచితే విడిపోతుంది, ఉప్పు కషాయమూ అవుతుంది. నిగిరిని (అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిన సుషీ) తిరగేసి చేప వైపు కొద్దిగా అద్దాలి. చేత్తో తినడం తప్పు కాదు. ఊరబెట్టిన అల్లం ముక్కకూ ముక్కకూ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి. పచ్చటి వాసబి ముద్దను బఠాణీ గింజంత నోట్లో పెట్టుకుంటే ఘాటు ముక్కులోకి తన్నుతుంది, ఆవగింజంతతో మొదలుపెట్టండి.

సూప్ డంప్లింగ్ కొరికితే నోరు కాలింది. తప్పెక్కడ?

మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవడంలో. షావ్‌లాంగ్‌బావ్ (సూప్ డంప్లింగ్ చైనీస్ పేరు) లోపల గడ్డకట్టిన సూప్‌ను కూరుతారు, ఆవిరికి అది కరిగి మరిగే వేడి ద్రవమవుతుంది. బుట్ట వచ్చాక ఒక నిమిషం ఆగండి. పైన ముడి దగ్గర పట్టుకుని మెల్లగా లేపి, సూప్ చెంచాలో దించండి. పక్కన చిన్న చిల్లు కొరికి ముందు సూప్ జుర్రండి. ఆ తర్వాత అల్లం తరుగు, నల్ల వెనిగర్ నాలుగు చుక్కలు వేసి మిగిలింది తినండి. మరీ ఆలస్యం చేసినా కష్టమే: తొక్క ఎండి అడుగుకు అంటుకుంటుంది, లేపితే చిరిగి సూప్ అంతా బుట్టలో కారిపోతుంది.

చాప్‌స్టిక్స్ రావు. నవ్వుతారా?

ఎవరూ నవ్వరు, ఫోర్క్ అడగండి. థాయ్‌లాండ్‌లో అన్నం తినేది చెంచా, ఫోర్క్‌తోనే. చాప్‌స్టిక్స్ వాడితే వాటిని అన్నంలో నిలువుగా గుచ్చి వదలొద్దు. జపాన్‌లో అది చనిపోయినవాళ్ల ముందు పెట్టే అన్నానికి గుర్తు.

చప్పగా ఉంటే కారం పెంచమని అడగొచ్చా?

థాయ్, సిచువాన్, కొరియన్‌లలో అడగొచ్చు, కానీ ఆర్డర్‌తోపాటే చెప్పాలి. వండేశాక చెబితే పైన ఎండుమిర్చి పలుకులు చల్లి తెస్తారు, కారం వస్తుంది గానీ రుచి కలవదు. థాయ్ చోట పక్కన మిర్చి వేసిన ఫిష్ సాస్ ఇమ్మని, వెజ్ అయితే సోయాలో పచ్చిమిర్చి కోసి ఇమ్మని అడగడం మేలు. ఇటాలియన్, జపనీస్ వంటల్లో కారం అడగొద్దు. మొదటి నాలుగు ముద్దలు ఉన్నదున్నట్టు తిని చూడండి. వెన్న, చీజ్, సోయాల రుచి మిర్చి పడగానే కనిపించకుండా పోతుంది.

పాస్తా ఉడకలేదు, పిజ్జా అంచు మాడింది. వెనక్కి పంపాలా?

పాస్తా పంటికి కొంచెం తగిలేలా దించడమే పద్ధతి. రిసోట్టో చూడటానికి పొంగలిలా ఉన్నా బియ్యపు గింజ నడుమ కాస్త బిరుసు ఉంటుంది. గింజ లోపల పిండి పిండిగా తగిలితే మాత్రం నిజంగా ఉడకలేదు, పంపండి. మెత్తగా కావాలంటే ఆర్డర్ అప్పుడే చెప్పండి. నేపుల్స్ పిజ్జాను సుమారు 450 డిగ్రీలు దాటిన పొయ్యిలో నిమిషం, నిమిషంన్నరలో కాలుస్తారు, అంచు మీద నల్ల మచ్చలు సహజం. అడుగంతా నల్లబడి చేదు వస్తే అది మాడడమే.

కొరియన్ బార్బెక్యూలో మనమే కాల్చుకోవాలా?

చాలా చోట్ల మొదటి విడత సిబ్బందే చూపిస్తారు. పచ్చి మాంసం ఎత్తే పటకారుతో కాలిన ముక్క ముట్టుకోవద్దు, కడుపు పాడయ్యేది ఇక్కడే. పెనం నిండా పరిస్తే నీరు ఊరి ముక్కలు కాలకుండా ఉడుకుతాయి. ఒక్కో విడతకు సగం పెనమే వాడండి. తీపి మారినేడ్ (మాంసాన్ని నానబెట్టే సాస్) ఉన్నవి త్వరగా మాడతాయి కాబట్టి ఉప్పు, మిరియాలవి ముందు, తీపివి తర్వాత. నల్లబడగానే జాలీ మార్చమనండి. పంది మాంసం తిననివాళ్లుంటే పెనం వేరేది కావాలని కూర్చోగానే చెప్పాలి.

స్టీక్ ఏ మాంసం? హలాలేనా?

మెనూలో టెండర్‌లాయిన్ అని మాత్రమే ఉంటే ఇక్కడ తరచుగా గేదె మాంసం. అడిగి నిర్ధారించుకోండి. చికెన్, మటన్ చాలా చోట్ల హలాలే అయినా మిరిన్, సాకే (రెండూ బియ్యంతో చేసే జపనీస్ మద్యాలు), వంట వైన్ వాడే చోట సాస్‌ల గురించి విడిగా అడగాలి.

బిల్లులో ఏమేం చూడాలి?

మూడు వరుసలు చూడండి: తిండి మొత్తం, సర్వీస్ చార్జ్, జీఎస్టీ.

విడిగా నడిచే రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం, బిల్లులో కేంద్రానికి 2.5, రాష్ట్రానికి 2.5గా కనిపిస్తుంది. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు, దానికి వ్యాట్ వేరుగా పడుతుంది.

సర్వీస్ చార్జ్ పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదనీ, మరో పేరుతోనూ వసూలు చేయకూడదనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. రూ.3,000 తిండికి 10 శాతం సర్వీస్ చార్జ్ కలిపితే రూ.3,300, దాని మీద 5 శాతం జీఎస్టీ రూ.165, మొత్తం రూ.3,465. ఆ చార్జ్ లేకపోతే రూ.3,150. తేడా రూ.315. డబ్బు కట్టకముందే “సర్వీస్ చార్జ్ తీసేసి కొత్త బిల్లు ఇవ్వండి” అని మామూలు గొంతుతో చెప్పండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. వడ్డించిన మనిషి పని నచ్చితే టిప్పు ఆయన చేతికే ఇవ్వండి.

నీళ్ల బాటిల్‌కు ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేశారు.

కూర్చుని తినే చోట వేయొచ్చు, 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. “రెగ్యులర్ వాటర్” అని ముందే చెప్పండి. అడగకుండా టేబుల్ మీద పెట్టిన బాటిల్ మూత తీయనివ్వకండి.

యాప్‌లో 40 శాతం తగ్గింపు చూపించింది, బిల్లులో అంత రాలేదు.

మద్యం, బఫే, సెట్ మీల్‌లను చాలాసార్లు తగ్గింపు నుంచి తప్పిస్తారు, గరిష్ఠ పరిమితీ ఉంటుంది. ఆర్డర్‌కు ముందే స్క్రీన్ చూపించి ఇవాళ వర్తిస్తుందా అని అడగండి.

షవర్మా, మయోనీస్ విషయంలో భయం అవసరమా?

జాగ్రత్త అవసరం. పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు, బయట వెచ్చగా ఉంచిన గిన్నెలో గంటల్లో పెరుగుతుంది. గుడ్డు లేని మయోనీసేనా అని అడగండి. షవర్మా కడ్డీ మీద పైపొర కాలాకే కోయాలి. రద్దీలో లోపలి గులాబీ రంగు మాంసం వరకూ కోసేస్తుంటే వద్దనేయండి. తిన్నాక వాంతులు, విరేచనాలైతే ముందు ఓఆర్ఎస్, డాక్టర్. బిల్లు దాచి, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు ఇవ్వండి. బిల్లు మీద ఉండే 14 అంకెల లైసెన్స్ నంబర్ అందుకే.

మిగిలింది పార్సిల్ తీసుకెళ్లొచ్చా?

పచ్చి చేప, షవర్మా, మయోనీస్ కలిసిన సలాడ్ వద్దు. రామెన్‌లో పులుసు, నూడుల్స్ విడిగా కట్టమనండి. మండి, ఫ్రైడ్ రైస్ లాంటి అన్నాలు వడ్డించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. వండిన అన్నం బయట ఉండిపోతే అందులో పెరిగే బ్యాక్టీరియా విషాన్ని వదులుతుంది, మళ్లీ వేడి చేసినా అది పోదు. భోజనం తర్వాత దుర్గం చెరువు వంతెన మీద షికారు ప్లాన్ ఉంటే పార్సిల్ మాట మానుకోండి. మర్నాడు మండి అన్నం మీద రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత పెట్టి సన్నని సెగ మీద ఆవిరి బాగా వచ్చేదాకా ఉంచండి. పిజ్జాను పెనం మీద వేసి, పక్కన నాలుగు చుక్కల నీళ్లు వేసి మూత పెడితే మూడు నిమిషాల్లో అడుగు కరకరలాడుతుంది, పైన చీజ్ కరుగుతుంది.